తోడేలు వదిలిన మేక

జనవరి 7, 2000. శుక్రవారం

మగ్గాలు బంద్. భివండీ పద్మనగర్‌లో చెవులకు వారానికి ఒక్కరోజే సెలవు.

మధ్యాహ్నం పక్కింటి లక్ష్మవ్వ స్టీలు గిన్నెలో మేకకూర పంపింది. మా చాల్ వరసలో ఇంటింటికీ పంపిందట. ఏం పండుగని అడగలేదు. తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా. కొబ్బరి లేకుండా, కారం గట్టిగా, మా సిరిసిల్ల వైపు వండినట్టే ఉంది.

జనవరి 8

పొద్దున గిన్నె తిరిగి ఇవ్వబోతే తెలిసింది. ఆ మేకను చంపింది తోడేలు.

లక్ష్మవ్వకు అరవై దాటాయి. ముప్ఫై ఏళ్లు కార్ఖానాలో కండెలు చుట్టింది. మగ్గాల మోతకు చెవులు పోయాయి. పని మానేశాక ఆమె బతుకంతా ఏడు మేకలే. ఊరి బయట కాల్హేర్‌లో అల్లుడు నారాయణ వాచ్‌మన్‌గా ఉన్న గోడౌన్ వెనక, గుట్ట కింద, దొడ్డి కట్టుకుంది. బక్రీద్‌కు అమ్మితే ఏడాది గడుస్తుంది. ఇప్పుడు ఆరున్నాయి.

కాల్హేర్‌లో తోడేలా, అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. పదిహేడేళ్లుగా కాలేజీలో జువాలజీ చెప్తున్నాను, తోడేలును జూలో తప్ప చూడలేదు. లక్ష్మవ్వకు గొంతు వినపడదు, పెదాలూ మొహమూ చదువుతుంది. గట్ల మురుస్తున్నవేంది బిడ్డా, పోయింది నా మేక, అంది.

సిగ్గేసి కాలేజీ నుంచి ఫారెస్ట్ ఆఫీసుకు ఫోన్ చేశాను. చట్టంలో పులికున్న రక్షణే తోడేలుకూ ఉంది. మేక పోతే పరిహారం కూడా ఉంది. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. మేక పడినచోటే ఉండాలి, మా మనిషి వచ్చి పంచనామా రాస్తాడు, ఇప్పుడు ఎక్కడుంది మేడం, అని మరాఠీలో అడిగాడు.

ఏం చెప్పను? కొంత నా కడుపులోనే ఉంది.

ఇది చెప్తే లక్ష్మవ్వ పడీపడీ నవ్వింది. తోడేలు ఇడిచినదాన్ని పారేస్తరా, పదిమందికి పెట్టాలె, ఒక్కదాన్నే తింటే మళ్ల అస్తదంటరు మా ఊర్ల, అంది. తర్వాత నవ్వు ఆపి, పంచిపెట్టినా అస్తదా ఏంది, అని అడిగింది. ఈసారి ఏదైనా జరిగితే మేకను ముట్టుకోవద్దని రెండుసార్లు గట్టిగా చెప్పాను.

మా ఆయనకు చెప్పకుండా ఉండాల్సింది. సర్కారు సాక్ష్యాన్ని ఉల్లిగడ్డ నంజుకొని తిన్నవ్, అంటున్నాడు సాయంత్రం నుంచి.

జనవరి 21. శుక్రవారం, సాయంత్రం ఏడు

చూశాను.

దొడ్డి దగ్గర కూర్చుని ఉన్నాం. లక్ష్మవ్వే ముందు చూసి నా మోచెయ్యి గిల్లింది. గుట్ట అంచున, ఎండిన గడ్డిలో గడ్డిరంగే కదిలినట్టు. నేననుకున్నంత పెద్దది కాదు. బక్కది, పొడుగు కాళ్లు. కుక్కలా అక్కడా ఇక్కడా తచ్చాడదు. ఎటు పోవాలో ముందే తెలిసిన నడక. ఆడది. పొట్ట కింద పాలచన్నులు వేలాడుతున్నాయి. అంటే గుట్టలో ఎక్కడో పిల్లలున్నాయి. ఇటు లారీలు, అటు కొత్త గోడౌన్‌కు పోసిన మట్టి, మధ్యలో పిల్లల్ని పెట్టుకుని ఎట్లా బతుకుతోందో. ఆగి మావైపు చూసింది. భయం లేదు, బెదిరింపూ లేదు. మేమున్నామని గుర్తు పెట్టుకుంది, అంతే.

లక్ష్మవ్వ తిడుతుందనుకున్నాను. ఏం నడక బిడ్డా, మగ్గంల నాడె ఇటునించి అటు ఉరికినట్టే, అంది. దొంగముండ, అని కూడా అంది. రెండూ ఒకే గొంతుతో.

చీకటి పడుతుండగా ఊళ వేసింది. కాల్హేర్ మగ్గాల షెడ్లు కూడా ఆగే రోజు కాబట్టి స్పష్టంగా వినిపించింది. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. లక్ష్మవ్వకు ఏమీ వినపడలేదు. ఎట్ల ఒర్లింది, చెప్పు, అంది. జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. చెప్పలేకపోయాను.

జనవరి 24

ఇంకోటి. సూడి మేక.

జనవరి 26

లక్ష్మవ్వ ఈసారి నేను చెప్పినట్టే చేసింది. మేకను ముట్టుకోలేదు. కాకుల్ని తోలుతూ రెండు రోజులుగా కాపలా కాస్తోంది. ఈరోజు సెలవు కదా, ఫారెస్ట్ మనిషి రేపు వస్తాడట.

వదిలిన మాంసం కోసం తోడేలు తిరిగి వస్తుంది. ఇది నేను క్లాసులో చెప్పే విషయమే. ఇక్కడ తట్టలేదు. నారాయణకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. నేను వెళ్లేసరికి అతని చేతిలో పురుగుల మందు డబ్బా ఉంది. పంచనామా కోసం నేను ఉంచమన్న మాంసమే అతనికి ఎర అయింది.

నారాయణ చెడ్డవాడు కాదు. మేడం, మీరు చదువుకున్నోళ్లు, తోడేలు ఉండాలె అంటరు, ఉండనియ్యిన్రి, తీస్కపోయి మీ ఇంటి ముందట కట్టేసుకోన్రి, అన్నాడు. నాకు మేక లేదు. నెల తిరిగితే జీతం వస్తుంది. తోడేలు అందంగా ఉందని అనుకోవడానికి నాకేం ఖర్చయింది? చట్టం అన్నాను. నా మాట నాకే నీరసంగా వినిపించింది. పోయిన మేకకు నేనిస్తాను అన్నాను. అది ఇంకా పెద్ద తప్పు. లక్ష్మవ్వ మొహం తిప్పుకుంది.

కాసేపటికి లేచి అల్లుడి చేతిలోంచి డబ్బా తీసుకుంది. అది నా మేకను సంపింది, సరే. ఇప్పుడు నా మేకకు మందు పూసి, దీనితోని దాన్ని సంపిత్తవా నారాయణా? ఇది కడుపుల పిల్లలతోని సచ్చింది. పిల్లలున్నదాన్ని దీని చేతుల సంపిత్తవా? నా మేక ఎవ్వల్ని సంపలే, అంది.

గడ్డపార తెమ్మంది. రేపు పంచనామా ఉందని నేనే గుర్తు చేయాల్సి వచ్చింది. ఎరుకే, అంది. నారాయణ గొణుక్కుంటూనే నడుము లోతు గుంత తవ్వాడు. మేకను పూడ్చి, మీద బండలు పెట్టించింది. సాక్ష్యం రెండోసారి పోయింది.

లక్ష్మవ్వ నాకిచ్చిన మందు డబ్బా నా బ్యాగులో ఉంది. ఎక్కడ పారేయాలో తెలియడం లేదు.

జనవరి 28. శుక్రవారం

ఎప్పుడో పాత జర్నల్‌లో చదివింది గుర్తొచ్చింది. పోలండ్‌లో వేటగాళ్లు పొడుగాటి తాడుకు గుడ్డపీలికలు కట్టి అడవి చుట్టూ వేలాడదీసేవాళ్లట. అవి గాలికి ఊగుతుంటే తోడేలు ఆ గీత దాటదట. చంపడానికి వాడినదాన్ని కాపాడడానికి వాడితే?

గుడ్డపీలికలకు భివండీలో కరువా? తోడేలుకు తోరణం కడుతవా, అని మా ఆయన నవ్వాడు. తర్వాత తనే స్కూటర్ మీద రెండు గోనెల చింది వేసుకొచ్చాడు. మగ్గాల కింద పోగయ్యే ఈ కోతముక్కలను మామూలుగా మిషన్లు తుడవడానికి వాడతారు. నారాయణ దొడ్డి చుట్టూ గుంజలు పాతాడు. లక్ష్మవ్వ వేళ్లు ముడి మర్చిపోలేదు. నేనొకటి కట్టేలోగా ఆమె నాలుగు కట్టేది.

కొన్ని వారాల్లో తోడేలు దీనికి అలవాటు పడిపోవచ్చని కూడా ఆ జర్నల్‌లో ఉంది. దాచకుండా చెప్పాను. బక్రీద్‌కు ఏడు వారాలే గదా, గప్పటిదాక అది సిగ్గుపడితే సాలు, అంది లక్ష్మవ్వ.

ఫిబ్రవరి 4

ఐదు మేకలూ ఉన్నాయి.

ఫిబ్రవరి 11. శుక్రవారం

దొడ్డి చుట్టూ మట్టిలో అడుగులు. గుడ్డల దాకా వచ్చి, చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఒకదాని ముందొకటి, దారం లాగినట్టు ఒకే గీత. పక్కనే చిన్న అడుగులు కూడా ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను.

లక్ష్మవ్వ మూడు రోజులకొకసారి గుంజల చోటు మారుస్తోంది. నేను చెప్పలేదు. మగ్గం ఒక్కతీరు కొట్టుకుంటే నిద్ర అస్తది బిడ్డా, తీరు మారితే ఉలిక్కిపడుతం, దానికి గంతే, అంది. నాకు తట్టనిది ఆమెకు తట్టింది.

ఒక ప్రశ్న మాత్రం ఎవరినీ అడగలేదు. మా దొడ్డి దాటకపోతే అది ఎవరి దొడ్డికి పోతున్నట్టు? పక్కూరు కాశేలి వైపు ఎవరికైనా మేకలున్నాయా? వాళ్లకు చింది ఎవరిస్తారు?

మార్చి 17. శుక్రవారం. బక్రీద్

మూడు పోతులూ మొన్ననే అమ్ముడుపోయాయి. ఆడవి రెండూ ఉన్నాయి. తాడు విప్పేద్దామా అన్నాను. ఉండనీ, దాని పిల్లలు కూడ నేర్సుకోవద్దా, అంది లక్ష్మవ్వ.

సాయంత్రం దొడ్డి దగ్గర కూర్చున్నాం. ఆమె నా ముంజేయి ఒళ్లో పెట్టుకుంది. గుట్టవైపు చూడలేదు. నా చేతినే చూస్తూ కూర్చుంది, చాలాసేపు.

రోమాలు లేచాయి.

గిప్పుడు ఒర్లింది, అంది.