పండుమిరప జాడీ

మంగళవారం, పొదిలి

వేళ్ళు ఇంకా మండుతున్నాయి. నిరుడు తొడిమలు తీశాక పండుమిరపకాయలు కడిగాను. నీళ్ళు లోపలికి దిగి పచ్చడంతా బూజు పట్టింది. అప్పటినుంచీ కొన్న సీసాలే. ఈసారి తొడిమలతోనే కడిగి, ఒక్కొక్క కాయా గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. ఉప్పూ చింతపండూ వేసి రోట్లో నేనే దంచాను. ఆ ఎర్రటి ముద్దను జాడీలోకి ఎత్తుతుంటే, ఇన్నాళ్ళూ ఎందుకు మానేశానా అనిపించింది.

పక్కింటి మస్తాన్‌బీ గారు చూసి, "చెయ్యి బాగానే తిరిగిందండీ టీచరుగారూ" అన్నారు.

మా ఆయన మాత్రం ముందుజాగ్రత్తగా బజార్లో పచ్చడి సీసా కొని, బియ్యం డబ్బా వెనక దాచారు. నేను చూడలేదనుకున్నారు. మూడో రోజు మూత తీసేదాకా నాకూ కాస్త బెరుకే. బూజు పడితే మళ్ళీ కాయలు తెచ్చి దంచుతాను గానీ, ఆ సీసా మాత్రం రేపే స్టాఫ్‌రూంకి వెళ్ళిపోతుంది.