మాస్టారి దయ్యాలూ మా ఆయనా

జూన్ 2
వాన. దేశం కాని దేశంలో మా పేట ఈ పాయింట్ కుక్, అంతా బురద రంగు. పక్కింటి చెన్ అంకుల్ తడుస్తూనే వచ్చాడు, పుస్తకాన్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి. రిటైరైన చైనీస్ టీచరు. అందులోని పాతకాలపు చైనీసు చదివి ఇంగ్లీషులో చెప్తాడు, నేను తెలుగులో రాసుకుంటాను. మా ఆయన పోయాక మొదలైన పని. ఇది కూడా లేకపోతే ఏమైపోయేదాన్నో...

ఆ పుస్తకం రాసినవాడు వందల ఏళ్ల కిందటి మనిషి. ముసలితనం దాకా సర్కారు పరీక్ష తప్పుతూనే, ఎవరింట్లోనో పిల్లలకి చదువు చెప్పుకుంటూ దయ్యాల కథలు పోగేశాడు. నేను మాస్టారు అంటాను. ఆ కథల్లో చచ్చిపోయినవాళ్లు తిరిగొస్తారు — భయపెట్టడానికి కాదు, కాపురం చేయడానికి.

జూన్ 5
రాయలేదు. పడుకున్నాను.

జూన్ 8
దూరాన కెల్లీవిల్‌లో ఉండే మరిది కిరణ్ ఫోన్. "వదినా, అన్నయ్య సంవత్సరీకం తిథి వచ్చేస్తోంది. మీ దగ్గరికి రావడానికి ఫ్లైట్ టికెట్స్ బుక్ చేసేయనా?" చూద్దాంలే అన్నాను. పెట్టనంటే పెట్టను. అది పెడితే ప్రేతరూపం పోయి పెద్దల్లో కలిసిపోతారని మా అమ్మ అనేది. కలిసిపోతే ఇక ఇటు వస్తారా? నాకు ఆయన పెద్దల్లో వద్దు. ఈ ఇంట్లో కావాలి.

జూన్ 12
ఇవాళ్టి కథ — చనిపోయిన భర్త భార్య దగ్గరికి భోజనానికి వస్తాడు. నేను రాసింది మళ్లీ ఇంగ్లీషులో చెప్తే చెన్ అంకుల్‌కి ఒకటే నవ్వు. అలవాటు కొద్దీ దయ్యానికి పాదాలు వెనక్కి తిప్పేశాను! "హి ఈజ్ కమింగ్ ఫర్ డిన్నర్! వై ఆర్ హిజ్ ఫీట్ గోయింగ్ అవే?" నాకూ నవ్వొచ్చింది, ఎన్నాళ్లకో. తర్వాత బాత్రూంలోకెళ్లి ఏడ్చాను.

జూన్ 15
అడగకూడనిది అడిగేశాను. మాస్టారి కంటే ముందే ఆయన భార్య పోయిందట. మరి ఆవిడ తిరిగొచ్చిందా? చెన్ అంకుల్ టీ కప్పు పక్కన పెట్టాడు. "నో. హి వెయిటెడ్, ఐ థింక్."
కథల్లో ఇంతమందిని రప్పించినవాడికి కావలసిన ఆ ఒక్క మనిషి రాలేదు. మాస్టారి మీద ఒళ్లు మండిపోయింది. మోసం, పచ్చి మోసం.

జూన్ 19
పంతులుగారికి నేనే ఫోన్ చేశాను, సంవత్సరీకం మానేయొచ్చా అని. ఎందుకమ్మా అంటే సిగ్గు విడిచి ఉన్నదంతా చెప్పేశాను.
"అమ్మా, పెద్దల్లో కలపడం పన్నెండో రోజే అయిపోయింది కదా. ఇక్కడ అందరికీ లీవ్ దొరకదని అప్పుడే కానిచ్చేశాం."
ఆ పన్నెండు రోజులూ నాకేమీ గుర్తులేదు. అయితే ఏడాదంతా ఆయన ఇంట్లోనే ఉన్నారనుకుని నేను...
"సంవత్సరీకం పంపించడానికి కాదమ్మా. ఆ రోజు ఆయన వస్తారు. భోక్తగా పిలిచిన బ్రాహ్మడి రూపంలో కూర్చుని భోంచేసి వెళ్తారు."
వచ్చే ఆ ఒక్క రోజునే నేను వద్దన్నాను.

జూన్ 20
కిరణ్‌ని రమ్మన్నాను.

జూన్ 23
భోక్తగా కూర్చునే మనిషి దొరకడమే ఇక్కడ గగనమట. చివరికి దగ్గర్లోని ట్రుగనీనాలో ఒకతను ఒప్పుకున్నాడు — ఐటీ, ఆఫీసుకి సెలవు పెట్టి వస్తాడట. ముక్కూ మొహం తెలియని మనిషి. మంత్రం చదివాక కాసేపు అతనే మా ఆయన. వడ్డించేది నేను. తలెత్తి చూడొచ్చా? ఇంకొంచెం వేయనా అని అడగొచ్చా? పంతులుగారికి ఫోన్ చేయబోయి మానేశాను. మా ఆయనకి ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగేది కాదు, ఆ రోజు వంటలో ఉల్లిపాయ పనికిరాదు.
అతను చాలు అన్నాడంటే లేచి వెళ్లిపోతాడు, అతనితోపాటే మా ఆయనా. చాలు అనకుండా ఏం వండాలి...