నీ చెయ్యి ఆనిన చోట

అమ్మా, క్షేమంగా ఉన్నాను, కోపంగానూ ఉన్నాను. అంటే ఒంట్లో బాగానే ఉందన్నమాట.

చేతులతో నడిపే నా కరెంటు కారులో మొన్న మనింటి దారిన సగం దాకా ఒక్కదాన్నే వెళ్లి చూసొచ్చాను. నడపడం హాయిగానే ఉంది. చిక్కంతా ఛార్జింగ్ దగ్గరే. యంత్రం చుట్టూ జానెడు గట్టు, కారుకు గుచ్చే గన్ను నా తలకు పైన. అక్కడి మేనేజరు "మీతో ఎవరూ రాలేదామ్మా?" అన్నాడు. "మీతో ఎవరొచ్చారు?" అన్నాను. నేను కారులోనే ఉండి, నా చక్రాల కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, "ఇప్పుడు పెట్టండి" అన్నాను. చక్రం గట్టుకు కొట్టుకుంది, చెయ్యి చాలలేదు.

"అందట్లేదండీ!"

"మీ కాళ్లు భేషుగ్గానే ఉన్నాయే మరి!"

పాపం, మంచివాడే. గన్ను తానే పెట్టి, నేను చెబుతుంటే కంపెనీకి ఫిర్యాదు రాసి, కింద తన సంతకమూ చేశాడు. గట్టు తీసేదాకా వాళ్లను వదలను.

వచ్చే నెల ఒక్కదాన్నే వస్తున్నాను, తమ్ముణ్ణి పంపకు. ఇన్నాళ్లూ నన్ను తీసుకురావడానికి ఎవరికైనా సెలవు దొరికినప్పుడే నిన్ను చూశాను. ఇక నాకు చూడాలనిపించినప్పుడు చూస్తాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? గేటు దగ్గర నా కారుకు ప్లగ్గు "గుండెల ఎత్తున" పెట్టిస్తున్నానని తమ్ముడు గొప్పగా రాశాడు. ఎవరి గుండెలమ్మా, వాడివా, నావా? బిగించకముందే నువ్వు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చో. లేవకుండా చెయ్యి చాపు. అది ఆనిన చోట గోడ మీద సుద్దముక్కతో గీత గీయి. నీకు అందితే నాకూ అందుతుంది.

వాడికి చీవాట్లు, వాడి పిల్లలకు ముద్దులు.

నీ పెద్దది