వెలిపడ్డ ఇంటి నుంచి తమ్ముడికి

చిరంజీవి మల్లేశుకు,

దోహా, అల్ తుమామా నుంచి నీ అన్న గంగాధర్ రాసేది. నేను బాగున్నాను. నువ్వు బాగానే ఉంటావని తెలుసు కాబట్టి అడగను. గోడ అవతల ఉన్న మీ వదిన ఎలా ఉందో మాత్రం అడుగుతున్నాను. గోడకు చెవి ఆనిస్తే నీకే తెలుస్తుంది, నోరు విప్పనక్కర్లేదు. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు. అందుకే సెలవు మీద వస్తున్న మన జిల్లా అతని చేతికి ఈ కాగితం ఇచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండ ముదిరింది. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. తిండికి లోటు లేదు, పచ్చిపులుసు మాత్రం నేను చేసుకుంటే నాకే నచ్చడం లేదు. గదిలో ఒక్కణ్ణే. డ్యూటీ ఎప్పటిదే, ఆస్ట్రేలియా వాళ్ల ఇంట్లో డ్రైవర్‌ని. ఈ దేశం పేరు ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు దుబాయ్ అనే అంటావు. అను.

మా మేడంతో మొదట్లో నాకు పడలేదు. పైపు పెట్టి కారు కడుగుతుంటే వచ్చి నల్లా కట్టేసింది. సముద్రం నీళ్లలో ఉప్పు తీసి తాగే దేశంలో ఇదేం పని అంది. బకెట్టు, గుడ్డ చేతికిచ్చింది. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఒకరోజు దారిలో చెప్పింది. వాళ్ల ఊరి ఏటికి ఎగువన పెద్ద పత్తి రైతులు నీళ్లు మళ్లించుకుంటే చేపలు చచ్చి తేలాయట. నీళ్లు వదలమని ఊరంతా వెళ్లి వంతెన మీద నిలబడిందట. ఇప్పటికీ ఆదివారం వస్తే ముసలీ ముతకా బూట్లేసుకుని ఏటి గట్టున మొక్కలు నాటుతారట. నేను ఊరుకుంటానా? మా ఊళ్లోనూ గ్రామాభివృద్ధి కమిటీ ఉంది మేడం, ఊరంతా ఒక్క మాట మీద ఉంటుంది అని గొప్పలు పోయాను. ఆమె ఎంత మెచ్చుకుందో.

ఆ కమిటీయే మన వాగు ఇసుకను వేలం వేసింది. అందులో నువ్వూ మెంబరువి. ట్రాక్టర్లు మా బోరు పక్కనే తవ్వేసరికి బోరు బురద కక్కింది. మీ వదిన వెళ్లి ట్రాక్టరుకు అడ్డం కూర్చుంది. దానికి మీరు చాటింపు వేయించారు, ఆ ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, మాట్లాడితే జరిమానా అని. కిరాణా కొట్టువాడు ఉప్పు ఇవ్వడు. పాలవాడు గడప దగ్గరికి రాడు. మొన్నటిదాకా ఆమె చేతి కూడు తిన్న నువ్వు ఎదురైతే తల తిప్పుకుంటున్నావు. సిగ్గు లేదురా నీకు?

చివరిసారి ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఊరితోని పెట్టుకుంటే బతుకుతమా అన్నా? ఇసుక పైసలు గుడికే గద. నీకేం, దుబాయ్‌ల కూసొని మస్తు చెప్తవ్." గుడి కట్టాక ఆ దేవుడికి అభిషేకం దేనితో చేస్తారు, ఇసుకతోనా?

మీ వదిన ఏడవలేదు. నాతో ఒక్కటే అంది. "ఊరు మాట్లాడకుంటే మానె. సాటింపు ఏసేటోని ఎన్క మల్లేశు గూడ నడిచిండు. గది సూసినంకనే పానం కలుక్కుమన్నది."

నా దిగులు చూసి మేడం అడిగితే సంగతి చెప్పాను. మీ తమ్ముడు మీ వైపే ఉన్నాడు కదా అని అడిగింది. అవును మేడం అన్నాను. కారు అద్దంలో ఆమె మొహం చూడలేక రోడ్డు వైపే చూస్తూ, నీ పరువు కోసం అబద్ధమాడాను.

నీ దగ్గరున్న అమ్మ కాళ్లకు నా బదులు మొక్కు, నన్ను దీవించమను. కమిటీ పెద్దమనుషులకు నా దండాలు చెప్పు. నీ బోరు నుంచి మీ వదినకు రెండు బిందెల నీళ్లు ఇచ్చిరా. పొద్దున్నే, అందరూ చూస్తుండగా. నా దీవెనలు నీకు ఆ తర్వాతే.

ఇంకొక మాట. మీరు వెలివేసింది నా ఇంటిని. ఆ ఇంటి మనిషి రాసిన ఉత్తరం నువ్వు ఇక్కడిదాకా చదివావు. జరిమానా నీకూ పడుతుంది. దాచకు. కమిటీ కూర్చున్నప్పుడు లేచి నిలబడి నువ్వే చెప్పు.

నీ అన్న,
గంగాధర్