అత్తమ్మ చెప్పిన లైన్లు

12 జులై 1978, బుధవారం.

బియ్యం ఏరాను, దుప్పట్లు ఉతికాను, ఆవకాయ జాడీ తుడిచాను.

‘లైన్’ అనే ఇంగ్లీషు మాటను ఎన్ని రకాలుగా వాడతారో రాసుకురమ్మని నిన్న బడిలో మా అమ్మాయి సుజాతకు చెప్పారు. రాత్రి అది రాస్తుంటే పక్కనే కూర్చున్న అత్తమ్మ “రేషన్ కాడ లైను, రైలు లైను, కరెంటు లైను” అంటుంటే, “నువ్వు ఊకో అత్తమ్మా, ఇంగ్లీషు నీకేమెరుక?” అని కసిరాను. సుజాత మాత్రం ఆ మూడూ రాసుకుంది.

ఈరోజు టీచరు క్లాసులో మెచ్చుకున్నది ఆ మూడింటినేనట. సిగ్గేసింది. సాయంత్రం చాయ్ ఇస్తూ, “తప్పయింది అత్తమ్మా” అన్నాను.

“ఇంకోటున్నది. నువ్వు కసిరితే గొంతులనే ఆగింది” అన్నది. “చీర మీద లైన్లు. పోరిని రాయమను.”

సుజాత నోటుబుక్కులో నేనే రాశాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆమెను ఇట్లా ఎన్నిసార్లు ఊరుకోమన్నానో ఎక్కడా రాసుకోలేదు. నిన్నటి బాకీ ఒక్కటి తీరింది.