మూడో చుట్టం

మార్చి 28

జూరా అక్కకి,
నీ పక్కింటి బురుల్చా రాస్తున్నది.

ఈ మాట ఫోన్లో చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. నువ్వు "ఏంటే, చెప్పు" అనేసరికి "ఏం లేదక్కా, గొర్రె ఈనింది" అనేసేదాన్ని. ఈ ఏడు మా గొర్రె ఒక్కటే నాలుగుసార్లు ఈనిందని నువ్వు నవ్వుకుని ఉంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నీ తోట గెస్ట్‌హౌసులు కట్టేవాడికి ఇచ్చేస్తున్నావట, ఏప్రిల్ ఇరవైన సంతకమట. మన వీధి పెద్ద సగిన్ బాబాయి చెప్పాడు. నలభై ఖుబానీ చెట్లు నరికించేస్తావా అక్కా? సంతకం పెట్టేముందు ఇది చదువు. తరవాత నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం.

పోయిన ఏప్రిల్లో ఏం జరిగిందో నీకు తెలియంది కాదు, అయినా వరసగా చెబితేగాని నాకు రాదు. వసంతం వచ్చేసిందని పల్చటి బట్టలతో బయల్దేరి దారిలో గడ్డకట్టుకుపోయిన ఆ ఐదుగురు చుట్టాలు ఏటా పూత వేళకి తిరిగొస్తారని మన పెద్దల మాట. ఐదు రోజులు, ఐదిళ్ళు, ఇంటికో చుట్టం; ఎవరి చుట్టం వచ్చిన రాత్రి చలికి కాపలా వాళ్ళదే. మూడో చుట్టం ఎప్పుడూ మా ఇంటికే. చలి సున్నాకి దిగగానే నేను పళ్ళెం మోగించాలి, వీధంతా లేచి తడిగడ్డి కుప్పలు ముట్టించాలి. ఒక్క తోటలో పెట్టిన పొగ గాలికి పోతుంది, అందరూ పెడితేనే పూత మీద దుప్పటిలా నిలుస్తుంది.

ఆ రోజు నేను పళ్ళెం మోగించలేదు. "థర్మామీటరు రెండు చూపించింది, పక్కనే సరస్సు వెచ్చదనం ఉండగా మనకేం భయం అనుకున్నాను" అని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు, రెండే చూపించింది. కానీ ఎక్కడ చూపించింది? మా ఆయన దాన్ని తోట చివర, కాలవగట్టు పల్లంలో స్తంభానికి కొట్టాడు. చలి దిగి కూర్చునేది అక్కడే. అక్కడిదాకా గంటకోసారి నడవాలంటే నా మోకాళ్ళు ఏడుస్తున్నాయి. ముందురోజు దాన్ని పీకి తెచ్చి వంటింటి బయటి గోడకి తగిలించాను. ఆ గోడ అవతల పొయ్యి ఉందన్న ఇంగితం లేకపోయింది నాకు. నేను చూసింది మా పొయ్యి వేడిని.

తెల్లారాక పూలు చీల్చి చూస్తే అన్నిటికీ నడుమ నలుపే. అందరికన్నా పల్లంలో ఉన్నది నీ తోట. నీకు ఒక్క కాయ దక్కలేదు. నువ్వు ఎవరినీ ఒక్క మాట అనకుండా సరస్సు అవతలి ఒడ్డుకి, ఆ శానిటోరియం విడిది వంటింట్లో పనికి వెళ్ళిపోయావు. ఆ మధ్యాహ్నమే నేను థర్మామీటరు తీసుకెళ్ళి మళ్ళీ స్తంభానికి కొట్టేశాను. ఏడాదిగా తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను.

ఈసారి మూడో చుట్టాన్ని ఇంకో ఇంటివాళ్ళకి అప్పజెప్పేస్తాను. ఆ పళ్ళెం ముట్టుకునే అర్హత నాకు లేదు. నీ చెట్లని మాత్రం నా తప్పుకి బలి చెయ్యకు.

క్షమించమని అడిగే మొహం లేని
నీ బురుల్చా

ఏప్రిల్ 6

ఒసే బురుల్చా,

నీ ఉత్తరం చదువుతూ ఉంటే పాలు పొంగి పొయ్యిలో పోయాయి. వంటమనిషిగా వచ్చిన కొత్తలో కూడా నాకిలాంటి పరువుతక్కువ జరగలేదు.

ఏడాదంతా నువ్వొక్కదానివే ఏడ్చావనుకుంటున్నావా? విను. ఆ తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. కాళ్ళు కడుక్కుందామని బయటికొస్తే తొట్టిలో నీళ్ళ మీద మీగడలా మంచు తేలింది. నీ కిటికీలో దీపం వెలుగుతోంది, పళ్ళెం చప్పుడు లేదు. ఇరవై అడుగులు నడిచి నీ తలుపు తడితే చాలు. నడవలేదు.

ఎందుకో తెలుసా? మీ వాడి పెళ్ళి విందులో మాంసం పంచింది నువ్వు. పెద్దదాన్ని, వెన్ను చివరి ముక్క నాకు రావాలి. దాన్ని ఊరుగాని ఊరి వియ్యపురాలికి పెట్టి, నా పళ్ళెంలో కోడళ్ళకి పెట్టే ఎముక పడేశావు. నలుగురిలో నా తల కొట్టేసినట్టయింది. నెల రోజులు కడుపులో పెట్టుకున్నాను. ఆ తెల్లవారుజామున "మోగించకపోతే పోనీ, వీధంతా దాన్ని దులిపేస్తే చూస్తాను" అనుకుని దుప్పటి ముసుగేసుకున్నాను. కొమ్మ చివర్లు మాడతాయి అంతే అనుకున్నాను. ఒక ఎముక మీద కోపంతో వీధిలో తోటలన్నీ చలికి మాడ్చాను, అందులో ముందు నాదే.

నేను ఊరొదిలింది కాయ దక్కలేదని కాదు. నీ మొహం చూడలేక. నువ్వేమో నా మొహం చూడలేక గొర్రెని ఈనిస్తున్నావు! సంతకం సంగతి నాకింకా ఏమీ తోచడం లేదు. ఆ చెట్ల మధ్య నిలబడే మొహం ఉండాలిగా. పళ్ళెం మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఇచ్చావంటే చంపేస్తాను.

నీకన్నా పెద్ద దొంగ
జూరకాన్

ఏప్రిల్ 17

నా దొంగ అక్కకి,

ఇదేం మర్యాద? పొద్దున్నే కనిపించి, ఇంత టీ అయినా తాగకుండా బస్సెక్కి పోతావా? నీకు చెప్పాల్సినవన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి, అందుకే మళ్ళీ రాత.

థర్మామీటరు ఈసారి ఎక్కడుందో చూశావుగా. నీ తోటలో, కాలవ పక్కన, అన్నిటికన్నా పల్లంలో ఉన్న చెట్టుకి నేనే కట్టాను. మా ఆయన "మోకాళ్ళు పోతాయే నీకు" అంటే "పోతే పోనీ, నీ భుజాలున్నాయిగా" అన్నాను. అప్పటి నుంచి నా వెనకే లాంతరు పట్టుకు తిరిగాడు. సున్నా చూడగానే ఇంటికి పరిగెత్తి పళ్ళెం అందుకున్నాను, ఆ కంగారులో మొదటి దెబ్బ పళ్ళేనికి కాదు, నా వేళ్ళకే తగిలింది.

వీధంతా లేచింది. నీ తోటలో ముట్టించడానికి మనిషి లేడని పరిగెత్తుకొస్తే, అప్పటికే ఆరు కుప్పలు పొగలు కక్కుతున్నాయి. మొహమంతా మసి, తలగుడ్డ జారిపోయి, దగ్గుతూ నువ్వు. చెప్పాపెట్టకుండా ఆఖరి బస్సుకి వచ్చి, దీపమైనా పెట్టకుండా ఇంట్లో కూర్చున్నావని నాకేం తెలుసు, ఎవరో దెయ్యమనుకుని అరిచాను. "అరవడం కాదే, గడ్డి తే!" అని నువ్వు కసిరిన కసురు ఉంది చూడు, ఏడాదిలో అంత హాయిగా ఎవరూ నన్ను తిట్టలేదు. పొగకే కళ్ళనీళ్ళు వచ్చాయని ఇద్దరం ఒకరితో ఒకరు అబద్ధమాడాం కదా? నాది పొగ కాదక్కా.

నువ్వెళ్ళాక ఎండెక్కనిచ్చి పూలు చీల్చి చూశాను. నీ తోటలో పదింటికి ఏడు లోపల పచ్చగా ఉన్నాయి. సగిన్ బాబాయి తన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, అక్కడికక్కడే చేతులు చాపి దీవించాడు.

ఇంకో మాట. మధ్యాహ్నం ఆ గెస్ట్‌హౌసు మనిషి టేపు పట్టుకుని కొలతలకి వచ్చాడు. "ఆవిడ ఇరవైన వస్తారు కదండీ" అన్నాడు. "వస్తుంది, కానీ సంతకానికి కాదు, మూటాముల్లెతో" అన్నాను. నువ్వు నాకలా చెప్పలేదని తెలుసు. కానీ బస్సెక్కేముందు నీ కత్తెర నా చేతిలో పెట్టి "పదును పెట్టించి ఉంచు" అన్నావు. నరికించే చెట్టుకి ఎవరైనా కొమ్మలు కత్తిరిస్తారా?

ఐదో చుట్టం కూడా వెళ్ళిపోయాక గొర్రెని కోస్తున్నాం. అవును, నాలుగుసార్లు ఈనిన ఆ గొర్రెనే. పంచేది నేనే. వెన్ను చివరి ముక్క పక్కన పెట్టించాను, వియ్యపురాలు కాదు కదా, ఆ దేవుడొచ్చి కూర్చున్నా పెట్టను. అది చల్లారేలోగా వచ్చి కూర్చో.

వాచిన వేళ్ళతో
నీ బురుల్చా