గొడుగుల గది

నాన్నగారికి నమస్కారం. మేమిద్దరం కులాసా.

ఆయన నెలజీతం వచ్చే మిల్లు పని మానేశారని మీకు బెంగగా ఉందని తెలుసు. ఇప్పుడు మా ముందు గదిలోనే గొడుగులు బాగుచేస్తున్నారు. అతుకు వేసినవాటి మీద నీళ్లు పోసి, కారడం లేదని చూసుకుని, ఆరడానికి విప్పినవి విప్పినట్టే దూలానికి వేలాడదీస్తారు. మధ్యాహ్నం ఎండ వాటిలోంచి దిగితే గోడలు నీలంగా, ఎర్రగా మారతాయి. నేను బట్టలు మడతపెడుతూ, ఏ చెరువు అడుగునో కూర్చున్నట్టు, చేతిలో పని మరిచిపోతాను.

నిన్న మీ ఈడు పెద్దాయన ఒకరు, పింఛను తీసుకునేవారు, గొడుగు తెచ్చి, "దీని మీద ఏం బతుకుతావయ్యా?" అన్నారు.

"వానలు పడితే గడిచిపోతుందండీ."

"పడకపోతే?"

మా ఆయన గొడుగు విప్పి చిరుగు ఎక్కడుందో వెతకసాగారు.

"ఎండకీ వేసుకుంటారు కదండీ!" అని తలుపు చాటునుంచి ఎవరో అన్నారు. చూసుకుంటే నేనే. పెద్దాయన పడీపడీ నవ్వారు.

నాన్నా, మీ ఆఫీసులో ఆయన కోసం అడిగి ఉంచిన పర్మనెంటు ఉద్యోగం ఇంకెవరికైనా ఇప్పించండి. మీరు రమ్మంటే ఆయన కాదనలేక వచ్చేస్తారు. అందుకే నేనే వద్దంటున్నాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అటక మీద నా కుట్టు మిషను ఉంది కదా, పంపించండి. గొడుగు గుడ్డకు చేతికుట్టు నిలవడం లేదు.

అమ్మకు ఇద్దరి నమస్కారాలు. కోపం వస్తే నన్ను తిట్టండి, పడతాను. ఆయనకు మాత్రం ఏమీ రాయకండి.

మీ చిట్టితల్లి